రేపటి దక్షిణ థాయి విందుకు ముందు ఒక మాట

సభ్యులందరికీ నమస్కారం. రేపు రాత్రి క్రాబీలో మనం వెళ్లబోయేది దక్షిణ థాయిలాండ్ వంటలతోపాటు బొగ్గుల మీద కాల్చిన మాంసం వడ్డించే హోటల్ కనుక, నిన్న ముందుగా వెళ్లి రుచి చూసివచ్చిన వాడిగా కొన్ని సంగతులు తెలియజేస్తున్నాను.

గుంటూరు కారం తిని పెరిగినవాళ్లను థాయి కారం ఏం చేస్తుందిలే అన్న ధీమాతో నేను క్వా క్లింగ్ తెప్పించుకున్నాను. పసుపు, మిరపకాయలు నూరిన ముద్దతో తడి ఇగిరిపోయేదాకా వేయించిన ఖీమా అది. పైన దారాల్లా తరిగిన నిమ్మజాతి ఆకు ఉంటుంది. రెండో ముద్దకే చెవులు గుయ్యిమన్నాయి. పక్కన పళ్లెంలో పెట్టే పచ్చి దోసకాయ ముక్కలు, ఆకుకూరలు అలంకారానికి కావని, ముద్ద ముద్దకూ నంజుకోవాలని అప్పుడు అర్థమైంది.

కాల్చిన వాటిలో కై కొలే తప్పక తినండి. దక్షిణ థాయిలాండ్‌లోని పట్టాని ప్రాంతపు ముస్లింల వంటయిన దీనికి కొబ్బరిపాలు, ఎండుమిర్చి కలిపిన చిక్కని పులుసును కోడిముక్కలు కాలుతుండగానే మళ్లీ మళ్లీ పూస్తారు. అంచులు నల్లబడినా లోపల మెత్తగా ఉంటుంది. పిల్లలకూ ఇదే నయం.

శాకాహారులు మాంసం వద్దంటే సరిపోదు. కూర ముద్దల్లో సాధారణంగా ఎండురొయ్యల ముద్ద కలుస్తుంది కాబట్టి ‘జే’ (పూర్తి శాకాహారం) అని స్పష్టంగా చెప్పాలి. కారం తగ్గించమనడానికి ‘పెట్ నోయ్’ అనండి. అయినా కాస్త మండుతుంది. సాయంత్రం ఏడింటికి అందరూ బస దగ్గర కింద సిద్ధంగా ఉండగలరు.