వారంలో ఒక సాయంత్రం తెరచాపలకు

సంపాదకుల వారికి,

విశాఖలో సముద్ర క్రీడలు పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా పెద్ద పోటీలు, బయటి జట్లు, మూడు రోజుల సంబరమే చర్చకు వస్తాయి. సంబరం అయ్యాక పడవలు మళ్లీ షెడ్డుకే. తెరచాప పడవ నేర్చుకున్నవాళ్లు ఊళ్లో నిలవాలంటే బుధవారమో గురువారమో, ఎప్పుడూ అదే రోజున, ఏడెనిమిది పడవలతో చిన్న రేసు ఉండాలి. కప్పులు అక్కర్లేదు. ఎవరొచ్చినా రాకపోయినా ఆ సాయంత్రం రేసు ఉంటుందన్న నమ్మకం కావాలి. ఇలాంటివి నిర్వహించే పని తెలిసినవాళ్లంగా కొన్ని వివరాలు రాస్తున్నాం. మనసున్న క్లబ్బు ఏదైనా వాడుకోవచ్చు.

ముందు వేళ సంగతి. మనకు చీకటి త్వరగా పడుతుంది. నవంబరు చివర్లో 5.20 ప్రాంతానికే పొద్దుగూకితే, జూన్‌లో 6.30 దాటుతుంది. కాబట్టి ఆఫీసులు, కాలేజీలు వదిలాక రేసంటే మార్చి నుంచి, వానలు మొదలయ్యే ముందు జూన్ మొదటి వారం వరకే వీలు. ఆ నెలల్లో మధ్యాహ్నం నుంచి నైరుతి గాలి తీరం వెంబడే వీస్తుంది, అది మన అదృష్టం. సూర్యాస్తమయానికి సరిగ్గా గంట ముందు రేసు మొదలవ్వాలి, పది నిమిషాల ముందు ఆఖరి పడవ ఒడ్డున ఉండాలి. ఈ రెండింట్లో సడలింపు వద్దు.

పడవలు చుట్టి రావాల్సిన తేలే గుర్తులే బోయాలు. ఎదురుగాలి బోయా డాల్ఫిన్ నోస్ కొండ వైపు, వాలుగాలి బోయా భీమిలి వైపు వేయాలి. ఓడలు వచ్చిపోయే పోర్టు ముఖద్వారానికి బాగా దూరంగా ఉండాలి. రెండు బోయాల మధ్య 600 మీటర్లుంటే ఒక్కరే నడిపే చిన్న లేజర్ పడవకి ఓ మాదిరి గాలిలో ఒక చుట్టుకి పదకొండు, పన్నెండు నిమిషాలు పడుతుంది. మూడు చుట్లు చాలు. లంగరు తాడు లోతుకి కనీసం మూడు రెట్లు ఉండి, కింద మూడు మీటర్ల గొలుసు ఉండాలి. లేకపోతే ఇసుకలో లంగరు జారి, రెండో చుట్టుకల్లా బోయా ఉన్నచోట ఉండదు.

ప్రారంభ రేఖ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 4.23 మీటర్ల లేజర్లు ఎనిమిదైతే రేఖ 50 మీటర్లుండాలి, గాలికి అడ్డంగా ఉండాలి. ఒక కొస గాలికి కాస్త ముందుకుంటే అందరూ అక్కడికే ఎగబడతారు, పడవలు ఒరుసుకుంటాయి. అయిదు నిమిషాలకు మొదటి జెండా, నాలుగుకి రెండోది, ఒక నిమిషం ఉండగా రెండోది దించడం, సున్నాకి మొదటిదీ దించి విజిల్. వేసవిలో మన తీరం వెంట నీరు ఈశాన్యానికి నడుస్తుంది. అది గాలి నడిచే దిక్కే కాబట్టి, రేఖ దగ్గర ఊరికే ఆగిన పడవ తెలియకుండానే భీమిలి వైపు కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లు ఇరవై సెకన్లు ఆలస్యమయ్యేది ఇందుకే. ఒడ్డున ఒక చెట్టుకీ దాని వెనకున్న మేడకీ చూపు కలిపి పెట్టుకుంటే ఎంత జరిగామో తెలుస్తుంది.

నియమాలు రెండు కంఠతా వస్తే చాలు. కుడి పక్క నుంచి గాలి తగిలే పడవకి, ఎడమ పక్క నుంచి తగిలేది దారి ఇవ్వాలి. రెండింటికీ ఒకే పక్క నుంచి గాలి తగిలితే, గాలికి ఎగువనున్నది తప్పుకోవాలి. కుడి పక్క గాలి ఉన్నవాళ్లు 'స్టార్‌బోర్డ్' (కుడి పక్క) అని నాలుగు పడవల పొడవు దూరంలోనే గట్టిగా అరవాలి. తప్పు చేసినవాళ్లు అక్కడే రెండు చుట్లు తిరిగి సాగిపోవాలి, బోయాని తాకితే ఒక చుట్టు. ఒడ్డుకొచ్చాక విచారణలు వద్దు. వారం మధ్య రేసులో స్నేహం చెడేది అక్కడే.

నీళ్లలోకి దించే ముందు చేత్తో తడిమి చూడాల్సినవి మూడు: వెనుక డ్రెయిన్ ప్లగ్, చుక్కాని ఊడకుండా పట్టే చిన్న స్టీలు క్లిప్పు, తెరచాప కొయ్యను పడవకి కట్టే తాడు. క్లిప్పు వంగి ఉంటే పడవ బోల్తా కొట్టినప్పుడు చుక్కాని జారిపోతుంది. వాలుగాలిలో తెరచాప పక్క మార్చేటప్పుడు మెయిన్‌షీట్ (తెరచాపను బిగించే తాడు) వదులై పడవ వెనుక మూలకి తగులుకోవడం లేజర్లో రోజూ జరిగేదే. తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య, అంటే బూమ్, నడిమికి వస్తుండగా తాడుని ఒక్క విదిలింపు విదిలించాలి. ముందు విదిలిస్తే లాభం లేదు, ఆలస్యమైతే నీళ్లలోనే.

ఎటు చూసినా కెరటాల మీద తెల్ల నురుగు కనిపిస్తే గాలి 11 నాట్లు, అంటే గంటకి దాదాపు 20 కిలోమీటర్లు దాటినట్టే. ఆ రోజు కొత్తవాళ్లు రక్షణ పడవలో కూర్చుని చూడాలి. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు ఎవరికీ రేసు లేదు. ఆరు పడవలకి ఒక మోటారు బోటు, అందరికీ లైఫ్ జాకెట్. మెరైన్ పోలీసులకి ముందే కబురు. వలలు ఎక్కడున్నాయో జాలారిపేట మత్స్యకార పెద్దల్ని అడగకుండా బోయాలు వేయకూడదు. వాళ్ల పిల్లలకి గాలి చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు, పడవ ఇస్తే చాలు.

రకరకాల పడవలుంటే పోర్ట్స్‌మౌత్ లెక్క వాడాలి. ఇందులో ఒక్కో రకం పడవకి ఒక సంఖ్య ఉంటుంది, నెమ్మది పడవకి ఎక్కువ. పట్టిన సమయాన్ని 1000తో గుణించి ఆ పడవ సంఖ్యతో భాగించాలి. సంఖ్య 1100 ఉన్న పడవ 44 నిమిషాల్లో వస్తే లెక్కలో 40. 1600 ఉన్న పిల్లల పడవ 62 నిమిషాల్లో వచ్చినా 38.75, అదే మొదటిది. అంతసేపు పట్టే పడవలకి చుట్లు తగ్గించి, ఒక్కో చుట్టుకి పట్టిన సమయంతో లెక్క కట్టాలి. పడవలు మంచినీళ్లతో కడిగాక, మురీ మిక్చరు పొట్లాల దగ్గర ఈ లెక్క అందరి ముందూ చేయాలి. గెలిచినవాళ్లు ఎక్కడ మలుపు తీసుకున్నారో, తాడు ఎంత బిగించారో దాచకుండా చెప్పాలి. ఒక్కో వారం ఒకరు రేసు మానుకుని జెండాలు పట్టాలి.

మీ పత్రికకీ ఒక మనవి. రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం వేస్తున్నారు. విశాఖ పేజీలో దాని పక్కనే, సాయంత్రం గాలి ఏ దిక్కు నుంచి, గంటకి ఎన్ని కిలోమీటర్లో ఒక్క వరుస వేయండి. వేటకి వెళ్లేవాళ్లకీ పనికొస్తుంది.

ఇట్లు,
తెరచాప రేసులు నిర్వహించే కొందరం,
విశాఖపట్నం