డకాచా తుంగ గుంటలను కాపాడండి: కెన్యా అటవీ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కెన్యా పర్యావరణ, వాతావరణ మార్పు, అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కిలిఫీ కౌంటీలో సబాకీ నదికి ఉత్తరాన ఉన్న డకాచా అడవికి, ముఖ్యంగా వానలు పడినప్పుడు అందులో నీళ్లు నిలిచే తుంగ గుంటలకు చట్టపరమైన రక్షణ కల్పించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులోనూ ఎందుకంటే, మొంబాసాలో, నైరోబీలో ఉంటున్న మా వాళ్లు సెలవులొస్తే వటాము, మాలింది బీచ్‌లకు వెళ్తుంటారు. అదే కౌంటీలో ఉన్న మరో అడవి, అరబుకో-సొకోకే పక్క నుంచే ఆ రోడ్డు పోతుంది. కారు అద్దంలోంచి కనిపించే ఆ చెట్ల వెనక ఏముందో, దేనికి ముప్పు ఉందో వాళ్లకీ తెలియాలి.

అరబుకో-సొకోకే సుమారు 420 చదరపు కిలోమీటర్ల అడవి. తూర్పు ఆఫ్రికా తీరంలో ఒకప్పుడు పొడవునా ఉన్న పొడి అడవుల్లో ఒకే ముక్కగా మిగిలిన వాటిలో ఇదే పెద్దది. 1965 దాకా శాస్త్రవేత్తల కంట పడని సొకోకే గుడ్లగూబ ఇక్కడ ఉంటుంది. జానెడు కూడా ఉండదు. ఇక్కడ కాక టాంజానియాలో ఉసంబరా కొండల కింద తప్ప ఇంకెక్కడా పెద్దగా కనిపించదు. సొకోకే పిపిట్, అమానీ తేనెపిట్ట కూడా ఈ అడవి పిట్టలే. ఈ అడవికి గెజిట్ ఉంది, మీ అటవీ సిబ్బంది ఉన్నారు, పరిశోధకులు ఉన్నారు. లోపాలున్నా పట్టించుకునే వాళ్లున్నారు. నా దిగులు దాని గురించి కాదు.

క్లార్క్ గిజిగాడు అనే పిట్ట గురించి. నలుపు, పసుపు కలిసిన ఈ చిన్న గిజిగాడు ప్రపంచం మొత్తంలో కిలిఫీ కౌంటీలోనే ఉంది. అక్కడివాళ్లు మ్రిహి అని పిలిచే అడవి చెట్ల కొమ్మల్లో పురుగులు ఏరుకుని తింటుంది. 1913లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. కానీ గూడు ఎక్కడ కడుతుందో నూరేళ్ల పాటు ఎవరికీ తెలియలేదు. అరబుకో-సొకోకేలో ఎంత వెతికినా దొరకలేదు. చివరికి 2013 మార్చిలో డకాచాలో, అక్కడి ఊళ్ల వాళ్లే నడిపే అడవి పరిరక్షణ బృందం, నేచర్ కెన్యా అనే ప్రకృతి సంరక్షణ సంస్థ కలిసి వెతికినప్పుడు ఒక గుంటలో తుంగ మీద గూళ్లు కనిపించాయి. అంటే తిండి కోసం, కాపలా ఉన్న అడవిలో తిరుగుతున్న పిట్ట, పిల్లల్ని మాత్రం ఏ కాపలా లేని చోట పెంచుతోంది. పైగా అన్ని ఏళ్లూ ఒకే గుంట కాదు. వాన ఎక్కడ సరిగ్గా పడి తుంగ పెరిగితే అక్కడికి పోతుంది. కాబట్టి ఒక గుంటకు కంచె కట్టి పని అయిపోయిందనుకుంటే సరిపోదు. గుంటలన్నీ కావాలి, వాటి చుట్టూ ఉన్న మ్రిహి అడవీ కావాలి.

ఈ అడవి ఇప్పుడు రెండు వైపుల నుంచి తరుగుతోంది. ఒకటి బొగ్గుల బట్టీలు. ఆ బొగ్గులు మాలిందికి, మొంబాసాకు వస్తాయి. మేం హోటల్లో తినే కాల్చిన మాంసం, వీధి చివర అమ్మే మొక్కజొన్న కంకి కాలేది చాలా వరకు అలాంటి బొగ్గుల మీదే. రెండోది అనాస తోటలు. అడవి కొట్టి అనాస వేస్తారు, కొన్నేళ్లకు నేల సారం తగ్గితే పక్క ముక్క కొడతారు. ఈ రెండు పనులూ చేసేది ఎక్కువగా అక్కడి గిరియామా తెగకు చెందిన బీద కుటుంబాలు. వాళ్లను దొంగల్లా చూడమని నేను అడగడం లేదు. అడవి నిలిస్తే తమకు లాభం అని వాళ్లకు నమ్మకం కుదిరితే ఏమవుతుందో మీ దేశంలోనే రుజువైంది. 1993లో గెడీలో మొదలైన కిపెపెయో ప్రాజెక్టులో అరబుకో-సొకోకే చుట్టుపక్కల రైతులు సీతాకోకచిలుకల ప్యూపాలు పెంచి విదేశాలకు అమ్ముతున్నారు. అంతకు ముందు ఆ అడవిని కొట్టేసి పొలాలకు ఇచ్చెయ్యాలన్న వాళ్లే అక్కడ ఎక్కువ.

డకాచాకు పెద్ద ప్రమాదం ఒకసారి వచ్చి తప్పింది. 2010 ప్రాంతంలో ఒక విదేశీ కంపెనీ అక్కడ 50,000 హెక్టార్లలో జట్రోఫా వేసి డీజిల్ తీస్తానంది. మా ఆంధ్ర రైతులకు ఆ మొక్క అడవి ఆముదంగా తెలుసు. బయోడీజిల్ పేరుతో దాన్ని అప్పట్లో మా దగ్గరా బాగా ప్రచారం చేశారు. డకాచాలో ఊళ్ల వాళ్లు, పక్షి సంఘాలు గట్టిగా అడ్డం తిరిగాక మీ పర్యావరణ సంస్థ దానికి అనుమతి ఇవ్వలేదు. ఆ నిర్ణయానికి కృతజ్ఞతలు. కానీ రేపు ఇంకో కంపెనీ ఇంకో పంట పట్టుకుని వస్తే అదే పోరాటం మళ్లీ మొదటి నుంచి చేయాలి. చట్టంలో డకాచా ఇప్పటికీ రక్షిత అడవి కాదు.

ఆలస్యం అంటే నాకు ఎందుకు భయమో చెప్తాను. మా కడప జిల్లాలో కలివి కోడి అనే పక్షి ఉంది. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో అక్కడి పల్లె మనిషి సాయంతోనే మళ్లీ దొరికింది. లంకమల అడవిని అభయారణ్యం చేశారు. అయినా 2005లో తెలుగు గంగ కాలువ పనుల్లో అది తిరిగే పొదల నేల కొంత పోయింది. గొడవ జరిగాక కాలువ దారి మార్చారు. ఆ తర్వాత కలివి కోడి మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయింది. ఉన్నది ఒకే చోట అయినప్పుడు ఆ చోటు విషయంలో పొరపాటు చేసి తర్వాత దిద్దుకునే వీలు ఉండదు.

మీరు చేయగలిగినవి ఇవీ. 2016 సామూహిక భూముల చట్టం కింద డకాచా ఊళ్లు తమ భూమిని తమ పేరున రిజిస్టర్ చేయించుకోవచ్చు. అది భూముల శాఖ పని అని తెలుసు, అయినా మీరు ఆ మంత్రితో, కిలిఫీ గవర్నర్‌తో కలిసి కూర్చుంటే కదులుతుంది. భూమి ఊరి చేతికి వచ్చాక గుంటలను, వాటి చుట్టూ ఉన్న మ్రిహి అడవిని సామూహిక సంరక్షణ ప్రాంతంగా ప్రకటించండి. కాపలా పని ఆ ఊళ్ల యువతకే ఇచ్చి నెల నెలా జీతం ఇవ్వండి. గూడు ఎక్కడుందో కనిపెట్టింది వాళ్లే కాబట్టి ఆ పనికి వాళ్లకంటే తగినవాళ్లు దొరకరు. అనాస రైతులకు ఉన్న పొలంలోనే సారం నిలబెట్టుకునే సాయం అందాలి.

2032 నాటికి 1,500 కోట్ల చెట్లు నాటాలని మీ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మంచి లక్ష్యమే. ఆ బడ్జెట్‌లో కొంత, ఇప్పటికే నిలబడి ఉన్న చెట్లు నరకకుండా ఆపడానికి కేటాయించండి. నర్సరీ మొక్క గిజిగాడికి తిండి పెట్టే మ్రిహి అయ్యేసరికి ఆ గిజిగాడు మిగిలి ఉండాలి కదా.

మార్చిలో వానలు మొదలయ్యే లోపు మీ అధికారులు ఒకసారి డకాచా వెళ్లి, గుంటల హద్దులు ఊళ్ల వాళ్లతో కలిసి గుర్తించి, ఆ మ్యాపు ప్రజల ముందు పెడతారా? దీనికి మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయుడు,
మొంబాసాలో ఉంటున్న ఒక తెలుగు పక్షి ప్రేమికుడు