మూడు సర్వర్లు, 96 కోర్లు

విశాఖపట్నం

ఒరేయ్ రమణా,

ఉత్తరం అందింది. వీఎంవేర్ (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) రెన్యూవల్ కొటేషన్ చూసి మీ ఎండీ గారు అగ్గి మీద గుగ్గిలం అయ్యారన్నావు, అందులోనే ఉండాలా, వేరేదానికి మారాలా అని అడిగావు. అవరా మరి? 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొనేసింది, డిసెంబర్‌కల్లా పర్మనెంట్ లైసెన్సులు అమ్మడం మానేసింది. ఇప్పుడంతా చందాయే, అదీ ప్రాసెసర్‌లోని కోర్ల (లెక్కలు చేసే భాగాల) లెక్కన. ప్రాసెసర్‌కి కనీసం 16 కోర్లకి కట్టాలి. మీ ఆటోనగర్ సర్వర్లలో ఒక్కోదాంట్లో 8 కోర్ల ప్రాసెసర్లు రెండేసి ఉన్నాయి కదా. ఉన్నవి 16 కోర్లే, బిల్లు 32కి. మూడు సర్వర్లకీ కలిపి 96. సగం డబ్బు లేని కోర్లకే పోతోంది! ఒకవేళ వీఎంవేర్‌లోనే ఉండిపోతే, ఇకమీదట కొనే సర్వర్ ఒకే సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోటు) 16 కోర్లది తీసుకోండి. ఆర్డర్‌కి కనీసం ఎన్ని కోర్లు కొనాలో కూడా డీలర్ని ముందే అడుగు.

సర్వర్ మీద నేరుగా నడిచే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐ ఉచిత వెర్షన్ 2025 ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది గానీ, దాన్ని వీసెంటర్‌కి (సర్వర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే పనిముట్టు) కలపలేం, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు దాంతో పనిచెయ్యవు. ఆఫీసు పనికి దాన్ని నమ్ముకోకు. నువ్వు వాడే వీస్ఫియర్ 7కి (ఈ రెండూ కలిసిన వీఎంవేర్ ప్యాకేజీ) 2025 అక్టోబర్ 2తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

వీఎంవేర్‌కి బదులు వాడేవాటిలో న్యూటానిక్స్ మంచి సరుకే, కాకపోతే దాని హార్డ్‌వేర్ జాబితాలో నీ పాత సర్వర్లు ఉన్నాయో లేదో ముందు చూసుకో. అన్ని కోర్లకీ విండోస్ సర్వర్ డేటాసెంటర్ లైసెన్స్ ఇప్పటికే ఉంటే మాత్రం మారుమాట లేకుండా అందులోనే వచ్చే హైపర్-వీకి వెళ్లు, పైసా అదనంగా అక్కర్లేదు. లేదంటే నా ఓటు ఓపెన్ సోర్స్ ప్రాక్స్‌మాక్స్‌కే. సపోర్ట్ చందా కోర్ల లెక్కన కాదు, సాకెట్ లెక్కన. చందా కట్టకపోయినా ఫీచర్లన్నీ వాడుకోవచ్చు. దాని అడుగున ఉన్నది కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లని నడిపే భాగం), గూగుల్ క్లౌడ్ అడుగునా అదే. మన ఊరికి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని సంబరపడుతున్న మీ కుర్రాళ్లకి ఈ విద్య వృథా పోదు. ఒక్కటి మాత్రం చాలామంది మర్చిపోతారు: ప్రాక్స్‌మాక్స్‌కి మారినా లోపల నడిచే విండోస్ మెషీన్లకి లైసెన్స్ ఉండాల్సిందే.

2024 నుంచి ప్రాక్స్‌మాక్స్‌లో వీఎంవేర్ మెషీన్లని లాగే ఇంపోర్ట్ విజార్డ్ ఉంది. దాన్ని వీసెంటర్‌కి కాకుండా నేరుగా ఈఎస్ఎక్స్ఐ హోస్ట్‌కే తగిలించు, చాలా వేగంగా లాగుతుంది. ముందు పాత స్నాప్‌షాట్లన్నీ (మెషీన్ పాత స్థితుల కాపీలు) తీసెయ్. స్టాటిక్ ఐపీలు రాసిపెట్టుకుని, మెషీన్ లోపలున్న వీఎంవేర్ టూల్స్‌ని (వీఎంవేర్ డ్రైవర్ల మూట) అక్కడే తీసెయ్, ఇవతలికి వచ్చాక అది ఒక పట్టాన పోదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) ఉంటే ముందే డీక్రిప్ట్ చెయ్, ఎందుకంటే దాని తాళంచెవి దాచే వర్చువల్ టీపీఎం డిస్కుతో పాటు రాదు. బూట్ అయ్యే పద్ధతి కూడా చూసుకో: పాత మెషీన్ యూఈఎఫ్ఐ అయితే కొత్తదీ యూఈఎఫ్ఐ, బయోస్ అయితే బయోస్.

విండోస్‌తోనే అసలు తంటా. బూట్ డిస్కుని సరాసరి విర్ట్‌ఐఓ స్కసీకి (ప్రాక్స్‌మాక్స్‌లోని వేగమైన డిస్కు కనెక్షన్) తగిలిస్తే డ్రైవర్ లేక నీలం తెర వచ్చి, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటుంది. మొదట మామూలు సాటా కనెక్షన్‌లో పెట్టి లేపు. పక్కన 1 జీబీ ఖాళీ డిస్కు ఒకటి విర్ట్‌ఐఓ స్కసీలో తగిలించి, విర్ట్‌ఐఓ ఐఎస్ఓ (సీడీ లాంటి ఫైల్) నుంచి డ్రైవర్లు వెయ్. ఆ చిన్న డిస్కు విండోస్‌కి కనబడిందంటే డ్రైవర్ కూర్చున్నట్టే. అప్పుడు షట్‌డౌన్ చేసి, దాన్ని తీసేసి, బూట్ డిస్కుని స్కసీకి మార్చు. బూట్ ఆర్డర్‌లో మళ్లీ టిక్ పెట్టడం మర్చిపోతే మెషీన్ లేవదు. లైనక్స్ మెషీన్లలో నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్ఎస్192 నుంచి ఈఎన్ఎస్18 లాంటి దానికి మారిపోతుంది, కన్సోల్‌లోకి వెళ్లి కాన్ఫిగ్ ఫైల్ సరిచేస్తే సరి.

జెడ్‌ఎఫ్ఎస్ (డిస్కుల్ని తనే కలిపి చూసుకునే ఫైల్ సిస్టమ్) వాడేట్టయితే రెయిడ్ కార్డుని, డిస్కుల్ని నేరుగా చూపించే హెచ్‌బీఏ మోడ్‌లో పెట్టాలి. క్లస్టర్ (జట్టుగా పనిచేసే సర్వర్లు) ట్రాఫిక్‌కి వేరే నెట్‌వర్క్ కార్డు కేటాయించు, బ్యాకప్ నడిచేటప్పుడు రెండూ ఒకే తీగ మీద పడితే నోడ్లు (ఆ సర్వర్లు) ఒకదానికొకటి కనబడక రీబూట్ కూడా అయిపోవచ్చు. టాలీ మెషీన్‌ని మాత్రం ఆఖర్న, అదీ నెలాఖరు కాకుండా చూసి కదుపు. బ్యాకప్ నుంచి ఒక మెషీన్‌ని రీస్టోర్ చేసి చూసేదాకా పాత డిస్కులు చెరపొద్దు.

ఆర్‌వీటూల్స్ (వీఎంవేర్ మెషీన్ల జాబితా తీసే సాఫ్ట్‌వేర్) రిపోర్ట్ తీసి పంపు, ఏది ముందు, ఏది వెనక అన్నది కూర్చుని రాసిస్తాను. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్