పెన్ను ఎవరి చేతిలో ఉంది? – కాలేజీ ట్యూటర్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

హాజరు పట్టికలు, ఎవరు ఎన్ని గంటలు ట్రైనింగ్ తీసుకున్నారన్న వివరాలు, జమాఖర్చులు విడిగా పంపాం. వాటినే ఇక్కడ వాక్యాల్లో పెట్టి మీ టైమ్ తినను. ట్యూటర్లుగా ఈ ఏడాది మనం ఏం నేర్చుకోబోయాం, ఎక్కడ కుదిరింది, ఎక్కడ బోల్తా పడ్డాం అన్నదే రాస్తాను.

నిరుటి సర్వసభ్య సమావేశం చివర్లో ఒక సభ్యురాలు లేచి అడిగిన ప్రశ్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. "గంటసేపు కూర్చోబెట్టి చెప్తాను. అర్థమైందా అంటే అర్థమైందంటారు. అదే లెక్క పరీక్షలో వస్తే ఖాళీగా వదిలేసి వస్తారు. తప్పు నాదా, వాళ్లదా?" ఆ రోజు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఈ ఏడాది కార్యక్రమాలు దాదాపు అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ముందు కార్యవర్గం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తొలి వర్క్‌షాప్‌కు 'ట్యూటర్ తక్కువ మాట్లాడటం ఎలా' అని పేరు పెట్టాం. రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడింది నేనే. స్లైడ్లు కూడా చాలానే చూపించాను. చివర్లో అభిప్రాయాలు రాయమని ఇచ్చిన చీటీల్లో ఒకదాని మీద "తక్కువ మాట్లాడమని చాలా ఎక్కువ చెప్పారు" అని ఉంది. పేరు రాయలేదు కానీ ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలుసు. ఆ చీటీ ఇంకా ఫైల్లోనే ఉంది.

ఆ తర్వాత ఉపన్యాసాలు మానేశాం. ఇద్దరిద్దరు ట్యూటర్లను జత కట్టి, ఒకరి సెషన్‌లో మరొకరు వెనక కూర్చుని గమనించే పద్ధతి పెట్టాం. విద్యార్థి ఒప్పుకుంటేనే. గమనించేవాళ్లు మార్కులు వేయకూడదు, సలహాలు ఇవ్వకూడదు. మూడే మూడు సంగతులు రాసుకోవాలి: పెన్ను ఎవరి చేతిలో ఉంది, ప్రశ్న అడిగాక ట్యూటర్ ఎంతసేపు ఆగారు, సెషన్‌లో చివరి మాట ఎవరిది.

మొదటివారాల కాగితాలు చూస్తే సిగ్గేసింది. పెన్ను మన చేతిలోనే. చివరి మాటా మనదే, అదీ ఎక్కువసార్లు "సరేనా?" అన్న మాట.

మధ్యది, అంటే ఆగడం, అన్నిటికన్నా కష్టమైంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసురూముల్లో రికార్డు చేసిన టేపులు విని కొలిచారు. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. ఆ తర్వాత తామే అందుకోవడమో, ఇంకొకరిని అడగడమో జరిగిపోతోంది. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం, నోరు విప్పకపోవడం తగ్గాయి. కాగితం మీద మూడు సెకన్లు ఏపాటివి! ఎదురుగా ఒక కుర్రాడు తల వంచుకుని ఉంటే ఆ మూడూ మూడు నిమిషాల్లా ఉంటాయి. "నాకే టెన్షన్ వచ్చి జవాబు చెప్పేశాను" అని ఒకరు రాశారు. ఇంకొకరు టేబుల్ కింద వేళ్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. నవ్వులాటగా మొదలైన ఆ చిట్కా ఇప్పుడు సగం మందికి అలవాటైంది.

తొలి సెమిస్టర్ చివర్లో పెద్ద వాదన నడిచింది. కారణం మిషెలిన్ చీ అనే పరిశోధకురాలి బృందం 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం. అందులో ట్యూటర్లను వివరించొద్దన్నారు. తప్పో ఒప్పో కూడా చెప్పొద్దన్నారు. "దీని గురించి నీకేమనిపిస్తోంది?", "ఇంకా చెప్పు" లాంటి మాటలతో విద్యార్థిని కదిలించడం వరకే వాళ్ల పని. అయినా ఆ విద్యార్థులు, వివరణలు విన్న విద్యార్థుల్లాగే నేర్చుకున్నారు. "అయితే మనమెందుకు?" అన్నారు ఒకరు. నా మటుకు నేను దీన్ని, వివరించడం దండగ అని అర్థం చేసుకోలేదు. పునాదే లేని విద్యార్థిని "నీకేమనిపిస్తోంది" అని అడిగితే ఏడుపొస్తోందంటాడు. కానీ మన వివరణ మీద మనకున్న మోజు కాస్త తగ్గించుకోవాలన్నది మాత్రం నిజం.

ఈ వాదనకు మధ్యేమార్గం వుడ్, బ్రూనర్, రాస్ 1976లో రాసిన వ్యాసంలో దొరికింది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు చెక్క దిమ్మలతో పిరమిడ్ కడుతుంటే పక్కనున్న పెద్దవాళ్లు ఎప్పుడు సాయం చేయాలి, ఎప్పుడు చేయి వెనక్కి తీసుకోవాలి అని చూశారు. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చి ఆ సాయానికి పేరు పెట్టారు. గోడ నిలబడ్డాక పరంజా తీసేయాలి కదా. మనలో చాలామంది వేయడం నేర్చుకున్నాం, తీయడం మర్చిపోతున్నాం. రెండో సెమిస్టర్‌లో జతలు రాసుకునే కాగితంలో నాలుగో గడి కలిపాం: 'ఈ రోజు ఏ సాయం ఆపేశారు?' ఎక్కువమంది దాన్ని ఖాళీగానే ఇస్తున్నారు. ఖాళీ గడి కూడా ఒక సమాచారమే అనుకుని ఊరుకున్నాం.

ఇక మన సభ్యురాలి ప్రశ్న. అర్థమైందన్నవాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. మరో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. వారం తర్వాత మొదటివాళ్లకు 40 శాతం గుర్తుంటే, రెండోవాళ్లకు 61 శాతం గుర్తుంది. అసలు విచిత్రం, తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ. కళ్ల ముందు పాఠం ఉన్నంతసేపూ అది మనదే అనిపిస్తుంది. కాగితం మూసేస్తేనే అసలు సంగతి తేలుతుంది.

అందుకని సెషన్ చివరి పది నిమిషాలు కాగితాలన్నీ పక్కన పెట్టి, చేసిన లెక్కనే విద్యార్థితో మొదటినుంచీ చేయించాలని తీర్మానించుకున్నాం. "అర్థమైందా?" అన్న మాటను నిషేధించాం. నిషేధం అంత కచ్చితంగా అమలవుతోందని చెప్పలేను. ఒక అమ్మాయి కాగితం మూయగానే "అక్కా, ఇందాక వచ్చింది కదా, ఇప్పుడెందుకు రావట్లేదు?" అందట. ఆ మాటతోనే అసలు సెషన్ మొదలైందని ఆ ట్యూటర్ రాశారు. అలాంటి నోట్స్ ఇంకా కావాలి. "సెషన్ బాగా జరిగింది" అన్న ఒక్క వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

మరో పొరపాటు. కొత్త విద్యార్థులకు మనం ఒక ప్రశ్నపత్రం ఇచ్చేవాళ్లం. మీరు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని. ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. ఈ లోపు ఒక కుర్రాడు "నేను చూసి నేర్చుకునే రకం, అందుకే లెక్చర్లకు వెళ్లను" అని ఆ కాగితాన్నే సాక్ష్యంగా చూపించాడు. పాష్లర్, మరి ముగ్గురు పరిశోధకులు 2008లోనే ఈ వర్గీకరణకు తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. ప్రశ్నపత్రం తీసేశాం. తీసేసినందుకు ఇద్దరు ముగ్గురు సభ్యులకు ఇంకా కోపంగానే ఉంది.

మన పరిచయ కరపత్రం కూడా మారింది. ఒక్కొక్కరికి విడిగా బోధిస్తే సగటు విద్యార్థి మామూలు క్లాసులోని 98 శాతం మందిని దాటిపోతాడన్న వాక్యం అందులో ఉండేది. 1984లో బెంజమిన్ బ్లూమ్ చెప్పిన మాట అది. అంటే రెండు ప్రామాణిక విచలనాల తేడా (మార్కులు సగటుకు మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత అది). తర్వాత 2011లో కర్ట్ వాన్‌లేన్ చాలా అధ్యయనాలను కలిపి చూస్తే ఆ తేడా రెండు కాదు, అదే కొలతలో 0.79 దగ్గర తేలింది. అది కూడా చిన్నదేం కాదు. చేయగలిగినంతే చెప్పుకుంటే మంచిదని పాత వాక్యం కొట్టేశాం.

నిజంగా అవసరమున్నవాళ్లు ట్యూటర్ దగ్గరికి రారు. ఇది మన పాత బాధే. వస్తే మొద్దు అనుకుంటారని భయం. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ శాఖలో డియాన్నా మార్టిన్ 1973లో దీనికొక దారి వెతికారు. వెనకబడిన విద్యార్థులను ఏరడం మాని, కష్టమైన కోర్సులను ఏరారు. కనీసం 30 శాతం మంది ఫెయిలయ్యే, అత్తెసరు గ్రేడుతో బయటపడే, మధ్యలో వదిలేసే కోర్సులు. ఆ కోర్సులో ఉన్న ఎవరైనా రావచ్చు కాబట్టి ఎవరి మీదా ముద్ర పడదు. మనమూ ఒక్క కోర్సులో ప్రయత్నించాం. మొదట్లో టాపర్లే వచ్చారు, కాస్త నిరుత్సాహపడ్డాం. పరీక్షలు దగ్గరపడేకొద్దీ మిగతావాళ్లూ వచ్చారు. ఒక్క సెమిస్టర్‌తో ఏ తీర్పూ ఇవ్వలేం, ఇంకో ఏడాది నడపాలని కార్యవర్గం నిర్ణయం.

ట్రైనింగ్ గంటలకు కొలబద్దగా, ట్యూటర్ల ట్రైనింగ్ కార్యక్రమాలకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్ నియమాలను తీసుకున్నాం. అందులో మొదటి లెవెల్‌కు కనీసం 10 గంటల ట్రైనింగ్, 25 గంటల ట్యూటరింగ్ ఉండాలి. సర్టిఫికెట్‌కు అప్లై చేద్దామా వద్దా అన్నది రాబోయే సమావేశంలో మీరే తేల్చాలి. నాకు తొందరలేదు.

నియమాల్లో రెండు మార్పులు. ఒకటి, సబ్మిట్ చేయాల్సిన అసైన్‌మెంట్‌లో ట్యూటర్ ఒక్క వాక్యం కూడా రాయకూడదు, మెషిన్‌తో రాయించి ఇవ్వడం కూడా అంతే. రెండు, విద్యార్థి చదువు వదిలి సొంత కష్టాలు చెప్పుకుంటే వినండి, కానీ కౌన్సిలర్ పని నెత్తిన వేసుకోకండి. ఎవరి దగ్గరికి పంపాలో ఆ నంబర్లు ప్రతి టేబుల్ మీదా అతికించాం. ఒక సెషన్‌లో విద్యార్థి నమ్మి చెప్పిన విషయం బయటికి పొక్కింది. మనలో ఒకరి వల్లే. క్షమాపణ చెప్పాం. ఆ విద్యార్థి మళ్లీ రాలేదు.

ఆడిటర్ సంతకమైన లెక్కలు కోశాధికారి దగ్గర చూడవచ్చు. గడువు దాటినా చందా కట్టని సభ్యులు ఈ నెలాఖరులోపు కట్టాలని మనవి.

వచ్చే ఏడాది అబ్జర్వేషన్ జతల జాబితా తయారవుతోంది. ఎవరితో జత కావాలో కాలేజీ తెరిచిన తొలి వారంలోపు చెప్పండి. నిరుడు ఆ ప్రశ్న అడిగిన సభ్యురాలు అందరికంటే ముందు పేరిచ్చారు. ఎవరినైనా పంపండి గానీ తన సెషన్‌కు నన్ను మాత్రం పంపొద్దన్నారు. నేను మధ్యలో మాట్లాడతానట.

– కార్యదర్శి