నాన్నకు, గ్లాస్గో నుంచి

గ్లాస్గో,
డిసెంబరు, ఆదివారం

నాన్నా,

ఫోన్లో నేను చెప్పేది నీకు సగమే వినబడుతోందని, మిగతా సగం అమ్మ అరిచి చెబుతుంటే మన విషయాలన్నీ వీధి వీధంతా వింటోందని తమ్ముడు చెప్పాడు. అందుకే కాగితం తీసుకున్నాను. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను. కళ్లజోడు ఇప్పటికైనా మార్పించుకో.

ఇక్కడ మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడిపోతోంది. పిల్లాడు పడుకున్నాక నాకంటూ మిగిలేది గంటన్నర. ఆ వేళప్పుడు ఏం చేస్తుంటావని మొన్న అడిగావు. పాత పుస్తకాలు దిద్దుతుంటానంటే "జీతమెంత?" అన్నావు. లైను తెగింది గానీ నేను తప్పించుకోలేదు.

జీతం లేదు నాన్నా. దాన్ని వికీసోర్స్ అంటారు, తెలుగు వికీపీడియాకి చెల్లెలి లాంటిది. అది 2003లో మొదలైతే ఇది 2005లో వచ్చింది. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పుస్తకాలకి మన దేశంలో కాపీహక్కు తీరిపోతుంది కదా, అలాంటివి స్కాన్ చేసి ఎక్కిస్తారు. తెర మీద ఒక పక్క పేజీ బొమ్మ, ఇంకో పక్క మిషను చదివి ఇచ్చిన అక్షరాలు. మిషను చదువంటే కొత్తగా చేరిన కుర్రాడు కంపోజ్ చేసినట్టే. 'ప' బదులు 'వ', 'ధ' బదులు 'థ', వత్తులు ఎటో పోతాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని దిద్దాలి. నువ్వు ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు చేసిన పనే, చేతికి సిరా అంటదు, అంతే.

దిద్దక ముందు పేజీ నంబరు ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు. ఇంకొకరు వచ్చి మళ్లీ బొమ్మతో పోల్చి చూస్తే ఆకుపచ్చ. పసుపు చేసినవాళ్లకి ఆ పేజీ మీద పచ్చ బొత్తం అసలు కనిపించదు. ఎవడి ప్రూఫు వాడు చదువుకుంటే వాడి తప్పు వాడికి కనబడదని మీ ఫోర్‌మన్ గారు అనేవారని చెప్పేవాడివి చూడు, ఆ మాట ఎవరో వీళ్ల చెవిన వేసినట్టున్నారు.

2020 లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టాను. ప్రెస్సు మనిషి కూతుర్ని, నాకొకరు చెప్పేదేముందిలే అని ధీమా. మూడు వారాలు తిరక్కుండా నలభై పేజీలు పసుపు చేసి పారేశాను. ఎలా చేశాననుకున్నావు? పుస్తకంలో 'వాఁడు ఏఱు దాఁటెను' అని ఉంటే 'వాడు ఏరు దాటెను' అని కొట్టాను. అరసున్నలు, బండి ఱలు ఈ రోజుల్లో ఎవరికి కావాలి, చదివేవాళ్లకి హాయిగా ఉంటుంది కదా అని. అచ్చులో ఎలా ఉంటే అలాగే ఉంచాలన్నది అక్కడి పద్ధతి. కొత్తవాళ్ల కోసం రాసిపెట్టారు కూడా. నేను చదవలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. అప్పుడే డిగ్రీ చదివే ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఎవరూ అడక్కుండానే వెళ్లి ఆ పిల్లకి పేద్ద ఉత్తరం రాశాను. పాత స్పెల్లింగులు మార్చేయండి, సందేహాలుంటే నన్నడగండి, అని. అక్కా అక్కా అంటూ చెప్పినట్టే చేసింది పాపం. ఇరవై రెండు పేజీలు. పది రోజుల తర్వాత ఒక పాతకాపు వచ్చి మా ఇద్దరి పేజీలూ వరసగా ఎరుపులోకి తెచ్చి, నాకు రెండు లైన్లు రాశారు. తిట్టలేదు. "ఉన్నది ఉన్నట్టే ఉంచాలండీ, అప్పటి రాత ఎలా ఉండేదో రేపు ఎవరైనా చూడాలంటే ఇవే ఆధారం. మీరు వేగంగా చేస్తున్నారు, సంతోషం." ఆ 'సంతోషం' దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది.

నా పేజీలు నేను మళ్లీ చేసుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు. తప్పు నాదని, ఏమీ అనుకోవద్దని రాశాను, దాని కింద ఇప్పటికీ జవాబు లేదు. అక్కడ ఏదీ చెరిగిపోదు నాన్నా. ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో అంతా 'చరిత్ర'లో పడి ఉంటుంది. నా పేద్ద ఉత్తరం కూడా ఉంది. అప్పుడప్పుడూ వెళ్లి చదువుకుంటాను.

ఆ రెండు లైన్లు చదివిన రాత్రి నువ్వు గుర్తొచ్చావు. తెనాలి ప్రెస్సులో చేరిన మొదటి ఎనిమిది నెలలు అక్షరాలు పేర్చే స్టిక్కే నీ చేతికి ఇవ్వలేదని, అచ్చయిపోయిన మేటరు విప్పి కిరసనాయిలుతో తుడిచి ఏ గడి అక్షరం ఆ గడిలో వెయ్యడమే పనని చెప్పేవాడివి. మొదట శిక్షనుకున్నావట. తర్వాత్తర్వాత అక్షరాల గళ్ల కేసు వైపు చూడకుండానే చెయ్యి వెళ్లి 'క్ష' దగ్గర ఆగేదట. (ఈ కథ మొదలుపెట్టగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను కూర్చునేదాన్ని గానీ వినేదాన్ని కాదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

సరే, నేనూ గళ్లు సర్దే పనిలో పడ్డాను. ఎవరూ ముట్టుకోని పేజీలు కొన్ని ఉంటాయి. విషయసూచికలు, తప్పొప్పుల పట్టికలు, కింద చీమల్లాంటి అక్షరాలతో నోట్సు ఉండేవి. అవి తీసుకున్నాను. చెదలు తిన్నచోట ఊహించి పూరించడం మానేసి, 'సమస్యాత్మకం' అని ఊదారంగు పెట్టి వదిలెయ్యడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో నామోషీగా ఉండేది.

ఒక సంగతి వింటే నవ్వుతావు. ఒకాయన పసుపు చేసిన పుస్తకంలో ముప్ఫై పేజీలు నేను పచ్చ చేశాను. కంటికి ఒక్క తప్పు లేదు. కొన్నాళ్లకి ఏదో పని పడి అందులో 'గంగ' అని వెతికితే ఒక్కటీ దొరకలేదు, చూస్తే పేజీ నిండా గంగ పారుతోంది! తీరా తెలిసిందేమిటంటే, అక్షరాల సున్న బదులు అంతటా తెలుగు అంకెల్లోని సున్న కొట్టి ఉంది. చూపుకి రెండూ ఒకటే గుండ్రం, కంప్యూటర్‌కి మాత్రం దేని దారి దానిదే. అంకెల గడిలోది తెచ్చి అక్షరాల వరసలో బిగించినట్టన్నమాట. ఎవరూ పట్టుకోలేదు, నోరు మూసుకుంటే సరిపోయేది. అందరూ మాట్లాడుకునే చోటుకి అక్కడ రచ్చబండ అని పేరు. నేను పచ్చ చేసిన పేజీల్లోనే ఈ తప్పుందని నంబర్లతో సహా రచ్చబండలో పెట్టి, రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను.

అంతకుముందు శుభ్రంగా చేసిన వందల పేజీల గురించి ఎవరూ ఒక్క మాట అన్లేదు. ఆ వారం మాత్రం ముగ్గురు కొత్తవాళ్లు "అండీ, నా పేజీ ఒకసారి చూస్తారా" అని వాళ్లంతట వాళ్లే అడిగారు.

ఏళ్ల తరబడి పాతుకుపోతేనే చెప్పే అర్హత వస్తుందని కాదులే. పదేళ్లుగా ఉండి, కొత్తవాళ్లు కనిపిస్తే కసురుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, జనవరి నుంచి నెలకో ఆదివారం ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లకి నేర్పమని అడిగారు. అడిగింది ఎవరో కాదు, నా నలభై పేజీలూ ఎరుపు చేసిన పెద్దాయనే. వారం నానబెట్టి సరేనన్నాను. ముందు వాళ్లు చేసిన పేజీలు ఓ ఐదు నోరు విప్పకుండా చూస్తాను. తర్వాత ఒక పేజీ ఇద్దరం కలిసి చేస్తాం. ఆపైన అడిగినదానికే జవాబు. అడగనిది చెప్పకుండా ఉండటం నా నోటికి ఎంత కష్టమో నీకు తెలుసు, మీ అల్లుడికి ఇంకా బాగా తెలుసు.

కవరులో ఒక పేజీ ప్రింటు పెట్టాను. పాత వైద్యం పుస్తకంలోది. ఏడో లైనులో చెదలు తిన్న చిల్లు ఉంది చూడు, 'శొం' తర్వాత. 'శొంఠి' అని వెంటనే అనిపిస్తుంది, కానీ చోటు ఎక్కువగా ఉంది, ఇంకో అక్షరం పట్టేలా. 'శొంఠియు' కావచ్చా? ఆ సైజు టైపులో అక్కడ ఎన్ని అక్షరాలు పడతాయో నీకు చూడగానే తెలుస్తుంది. తెలిస్తే ఎర్ర పెన్నుతో పక్కన రాసి తమ్ముడి చేత ఫోటో తీయించి పంపించు. తేలకపోతే ఖాళీగా వదిలెయ్యి, నా కోసమని ఏదో ఒకటి రాయకు. ఊదారంగు పెట్టేస్తాను.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో విడిగా రాయి, తనని అడిగితే బాగుందనే అంటుంది.

నీ
చిన్ని