సిల్కీ పిల్లల్లో పుంజు ఏదో, పెట్ట ఏదో: ఈ బ్యాచ్ నుంచి మేం అమ్మే పద్ధతి

మా దగ్గర సిల్కీ కోళ్లు (పట్టుకుచ్చులాంటి మెత్తటి ఈకలుండే చిన్న రకం) తీసుకున్నవారికీ, తీసుకుందామని అడుగుతున్నవారికీ నమస్కారం.

ఈ బ్యాచ్ నుంచి రెండు మార్పులు చేస్తున్నాం. నాలుగు నెలలు నిండని పిల్లల్ని "జత" అని, అంటే ఒక పుంజు, ఒక పెట్ట అని చెప్పి అమ్మం. ఆరు నెలలు నిండని ఏ కోడికీ "షో క్వాలిటీ", అంటే కోళ్ల పోటీలో పెట్టదగ్గది, అన్న మాట వాడం. చిన్న పిల్లలు కావాలన్నవాళ్లకి ఇస్తాం. కాకపోతే ఏది పుంజో, ఏది పెట్టో తేలని పిల్లలుగానే, ఆ ధరకే ఇస్తాం.

ఇది కొందరికి నచ్చదని తెలుసు. "మిగతావాళ్లు నెల పిల్లల్లోనే జత ఇస్తున్నారు కదా, మీకేమైంది?" అని ఇప్పటికే ఫోన్లు వస్తున్నాయి. అందుకే కారణాలు అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

మాది తణుకు పక్కన పల్లె. చుట్టూ లేయర్ ఫారాలే, అంటే గుడ్ల కోసం కోళ్లు పెంచేవే. కాబట్టి ఎక్కువమంది అడిగేది ఇదే: "హేచరీలో ఒకరోజు పిల్లని చేతిలోకి తీసుకుని పెట్టో పుంజో చెప్పేస్తారు. మీకెందుకు కుదరదు?" న్యాయమైన ప్రశ్న. లేయర్ పిల్లల్లో అది కుదిరేది ఆ రకాలను తయారుచేసేటప్పుడే అందుకు తగ్గట్టు తల్లిదండ్రుల్ని ఎంచుకుంటారు కాబట్టి. రెక్క ఈకలు ఆలస్యంగా పెరిగే గుణం తల్లి నుంచి కొడుకులకు మాత్రమే వెళ్తుంది. కూతుళ్లకు తండ్రి నుంచి త్వరగా పెరిగే గుణం వస్తుంది. అందువల్ల మొదటి రోజే రెక్క విప్పి చూస్తే పెట్ట పిల్లకి ఈకలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అని తేడాగా కనిపిస్తాయి. పుంజు పిల్లకి ఆ తేడా ఉండదు. గోధుమరంగు గుడ్లు పెట్టే కొన్ని రకాల్లో అయితే నూగు రంగులోనే తెలిసిపోతుంది. మన దగ్గరున్న సిల్కీల్లో అలాంటి ఏర్పాటేదీ లేదు. రెక్క విప్పి ఎంతసేపు చూసినా అది చెప్పేది ఏమీ ఉండదు.

ఇంకో పద్ధతి పిల్ల మలద్వారం దగ్గర మెల్లగా నొక్కి లోపలి చిన్న బుడిపె చూసి చెప్పడం. 1920ల్లో జపాన్‌లో కియోషి మసుయి, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని కనిపెట్టారు. 1930ల్లో జపాన్ నిపుణులు అమెరికా, కెనడా హేచరీలకు వెళ్లి ఇదే పని చేశారు. చాలా కాలం శిక్షణ పొందినవాళ్లు తప్ప చేయకూడని పని. సిల్కీ పిల్ల మామూలు లేయర్ పిల్లకన్నా చిన్నది. చేయి తిరగనివాళ్లు నొక్కితే లోపల పేగు దెబ్బతింటుంది. మా షెడ్డులో ఆ ప్రయోగం చేయం, మీరూ ఇంట్లో చేయకండి.

మరి ఊళ్లో నాటుకోళ్లు పెంచిన పెద్దవాళ్లు నెలన్నర, రెండు నెలల పిల్లని చూసి ఠక్కున చెప్పేస్తారు కదా? అవును, చెబుతారు, చాలావరకు నిజమే అవుతుంది. వాళ్లు చూసేవి మూడు. పుంజు పిల్లకి నెత్తి మీద తురాయి, అంటే ఈకలు లేని కండ, ముందుగా ఎర్రబడుతుంది. మెడ మీద, నడుం మీద మొన తేలిన మెరిసే ఈకలు వస్తాయి. తర్వాత తోకలో వంపు తిరిగిన ఈకలు దిగుతాయి. సిల్కీలో ఈ మూడూ దాక్కుంటాయి. సిల్కీకి చర్మమే నలుపు, ఎముకలు కూడా నలుపే, కాబట్టి తురాయి ఎర్రగా కాకుండా నేరేడు రంగులో ఉంటుంది. ఎరుపు ఎప్పుడొచ్చిందో చూద్దామంటే అక్కడ ఎరుపే లేదు. మామూలు ఈకలో పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి సన్నని కొక్కేలు ఉంటాయి. సిల్కీ ఈకలో అవి లేవు. అందుకే అంత మెత్తగా, పట్టుకుచ్చులా ఉంటుంది. కొక్కేలు లేని ఈకలో మొన తేలిందో లేదో, వంపు తిరిగిందో లేదో కంటికి అంత తేలిగ్గా కనపడదు. నాటుకోళ్లలో ఆరితేరిన పెద్దాయన కూడా సిల్కీ దగ్గర తడబడేది ఇందుకే.

కోలగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అని కొందరు గుడ్లు ఏరి ఇమ్మంటున్నారు. అది నిజం కాదండీ. కోళ్లలో పుంజా, పెట్టా అన్నది తల్లి వైపు నుంచే, పెంకు కట్టకముందే నిర్ణయమైపోతుంది. గుడ్డు ఆకారం తర్వాత కుదిరేది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంక్యుబేటర్‌లో వేడి తగ్గించి పెట్టలు ఎక్కువ వచ్చేలా చేస్తామన్న మాటా నమ్మకండి.

ఇక ఏ వయసులో ఏం కనిపిస్తుందో చెబుతాను. మొదటి నెలలో ఏమీ తెలియదు. రెండో నెల దాటాక కొన్ని పిల్లల్లో ముక్కు పైన తురాయి వెడల్పుగా, ముడతలతో ఉబ్బడం మొదలవుతుంది. అలా ఉబ్బితే అది పుంజే అని దాదాపు చెప్పొచ్చు. కానీ ఉబ్బలేదు కాబట్టి పెట్ట అనడానికి మాత్రం లేదు, ఆలస్యంగా ఎదిగే పుంజులు చాలా ఉంటాయి. జతల దగ్గర గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. "పుంజు" అన్న మాట కాస్త ముందుగా చెప్పగలం, "పెట్ట" అన్న మాట ఇంకా ఆగితే గానీ చెప్పలేం. మూడు, నాలుగు నెలలకి తల మీది కుచ్చు చూడాలి. పెట్టకి అది గుండ్రంగా, కళ్ల మీదకి పడేలా నిండుగా ఉంటుంది. పుంజుకి వెనకవైపు సన్నని పొడుగాటి ఈకలు వేలాడుతూ కుచ్చు వెనక్కి దువ్వినట్టు ఉంటుంది. గడ్డం లేని రకంలో గొంతు కింద వేలాడే తిత్తులు కూడా సాయపడతాయి. గడ్డం ఉన్న రకంలో అవి బొచ్చు లోపల ఉండిపోతాయి. పిల్లలు ఛాతీలు గుద్దుకుని కొట్లాడటం చూసి పుంజులని అనుకోవద్దు, పెట్ట పిల్లలు కూడా అలాగే ఆడతాయి.

అనుమానం పూర్తిగా తీరేది కూత వినిపించినప్పుడో, గుడ్డు కనిపించినప్పుడో. సిల్కీ పెట్ట నాటుకోడిలా త్వరగా గుడ్డుకి రాదు. ఏడెనిమిది నెలలు పట్టడం మామూలే. అప్పటిదాకా టెన్షన్ పడొద్దు.

తొందరగా తెలియాల్సిందే అన్నవాళ్లకి డీఎన్ఏ పరీక్ష ఒక దారి. చిలకల పెంపకందార్లు ఈకలు పీకి ల్యాబ్‌కి పంపి ఆడా మగా తెలుసుకుంటారు కదా, అదే పరీక్ష. అయితే ఖర్చు పిల్ల ధరతో కలిపి లెక్కేసుకోండి. అడిగితే పిల్ల కాలికి నంబర్ రింగు వేసి, ఆ నంబర్ మీదే శాంపిల్ పంపిస్తాం. ల్యాబ్ ఫీజు మీది, రిజల్ట్ వచ్చేదాకా పిల్ల మేత మాది.

ఇప్పుడు షో క్వాలిటీ సంగతి. దీని గురించి నాకు ఇంకాస్త పట్టుదల ఉంది. ఎందుకంటే మన దగ్గర తెల్లగా, బొచ్చుగా ఉన్న ప్రతి కోడినీ ఆ పేరుతో అమ్మేస్తున్నారు. షో అంటే ఒక ప్రమాణం ఉండాలి. అమెరికా వాళ్ల ప్రమాణాల పుస్తకంలో సిల్కీ 1874లోనే చేరింది. అక్కడ దీన్ని బాంటమ్‌గా, అంటే చిన్నకోడిగా చూస్తారు. పుంజు సుమారు కిలో ఉంటే చాలు. బ్రిటన్‌లో అదే సిల్కీని పెద్ద కోళ్లలో కలుపుతారు, పుంజు 1.8 కిలోల దాకా ఉండాలి. కాబట్టి ఎవరైనా షో క్వాలిటీ అంటే మొదట ఏ ప్రమాణం ప్రకారమని అడగండి. మేం అమెరికా ప్రమాణం చూస్తాం.

పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. కాలికి ఐదు వేళ్లు ఉండాలి, ఐదోది నాలుగోదానికి అంటుకోకుండా విడిగా పైకి తిరిగి ఉండాలి. చర్మం నల్లగా ఉండాలి. కాళ్ల బయటి వైపు, వేళ్ల దాకా నూగు దిగాలి. తురాయి రంపం పళ్లలా నిలువుగా లేచి ఉండకూడదు. వీటిలో ఏది తప్పినా ఆ పిల్ల షోకి పనికిరాదని మొదటిరోజే చెప్పేస్తాం, పెంపుడుకోడి ధరకే ఇస్తాం. కానీ ఇవన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన షోకి పనికొస్తుందని కాదు. ఈక ఎంత మెత్తగా దిగుతుంది, కుచ్చు ఎంత నిండుగా కుదురుతుంది, నడుము పొట్టిగా ఒళ్లు గుండ్రంగా వస్తుందా, చెవి తమ్మెలు నీలిపచ్చగా మారతాయా, మోకాలి దగ్గర గట్టి ఈకలు పొడుచుకొస్తాయా అన్నవి ఈకలు మారాకే తెలుస్తాయి. మధ్యలో మూడు నాలుగు నెలలప్పుడు ఎంత మంచి వంశం పిల్లయినా పీలగా, కాళ్లు పొడుగ్గా, అక్కడక్కడా బోసిగా ఉంటుంది. ఆ వయసులో ఫొటో చూసి వద్దనుకోవద్దు, గొప్ప కోడి అనీ అనుకోవద్దు.

కడక్‌నాథ్ అనే నల్లకోడితోనో నాటుకోడితోనో కలిసిన పిల్లల గురించి కూడా జాగ్రత్త. సిల్కీ ఈక రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ గుణం రావాలి. అందుకే మొదటి తరం క్రాస్‌కి మామూలు ఈకలే ఉంటాయి, కనిపెట్టేయొచ్చు. ఆ క్రాస్‌లనే మళ్లీ కలిపితే నాలుగో వంతు పిల్లలకి సిల్కీ ఈక తిరిగి వస్తుంది. చూడటానికి సిల్కీయే, రక్తం మాత్రం కలిసినది. కడక్‌నాథ్‌కి కూడా ఒళ్లు నలుపే కాబట్టి నలుపు ఒక్కటీ చూసి మోసపోవద్దు. వేళ్లు లెక్కపెట్టండి, వీలైతే తల్లిదండ్రుల్ని చూపించమనండి. మా దగ్గరికి ఎప్పుడొచ్చినా చూపిస్తాం.

ఇక పుంజుల మాట. పుట్టేవాటిలో సగం పుంజులే. కొనేవాళ్లలో ఎక్కువమంది పెట్టలే కావాలంటారు. నాలుగు నెలలు దాటిన పెట్ట ధర పిల్ల ధర కన్నా అంత ఎక్కువ ఎందుకంటే, దాని మేతతో పాటు అన్నాళ్లు దాని పక్కన తిన్న పుంజు మేత కూడా అందులో ఉంది. ఆ ఖర్చు దాచడం నాకిష్టం లేదు. మా దగ్గర పిల్లలుగా కొన్నవాళ్లకి అన్నీ పుంజులే తేలితే, ఎనిమిది నెలల లోపు తీసుకురండి. ఒక పుంజుకి బదులు ఎదిగిన పెట్టని ఇస్తాం, ధరలో తేడా మీరు కట్టాలి. ఒక్క షరతు. తిరిగొచ్చిన కోడిని నెలరోజులు వేరే షెడ్డులో ఉంచుతాం. ఎందుకంటే మారెక్స్ అనే అంటు జబ్బు సిల్కీలను గట్టిగా దెబ్బతీస్తుంది. కొక్కెర తెగులు (రాణిఖేత్) కూడా ఒక కోడి నుంచి ఇంకోదానికి అంటుకునేదే. జబ్బు చేసిన కోడిని మాత్రం తీసుకురావద్దు, ముందు ఫోన్ చేయండి.

ఇంకోమాట, చిన్న పిల్లలు తీసుకెళ్లేవాళ్లకి. చాలా సిల్కీ పిల్లలకి నడినెత్తి మీద బుడిపెలా ఉంటుంది, అక్కడ పుర్రె పూర్తిగా మూసుకుని ఉండదు. నాటు పిల్లలతో కలిపి వదిలితే అవి తల మీద పొడుస్తాయి. ఆ దెబ్బకి మెడ తిరిగిపోవడం, చనిపోవడం జరుగుతుంది. విడిగా పెంచండి. ఈ ఈకలు నీటిని ఆపవు కాబట్టి వానలో తడవనివ్వద్దు.

ప్రస్తుతం షెడ్డులో తెలుపు, నలుపు, బఫ్ (లేత పసుపు గోధుమ) రంగుల్లో నెల దాటిన పిల్లలు ఉన్నాయి. గుడ్డుకొచ్చిన తెల్ల పెట్టలు కొన్ని, కూత పట్టిన పుంజులు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. "జత" అని పాత పద్ధతిలో అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు పిల్లలు నాలుగు నెలలు దాటేదాకా ఆగితే అదే ధరకి ఇస్తాం, ఆగలేమంటే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. ఎండలు తగ్గేదాకా పగటి బస్సుల్లో కోళ్లు పంపం, రాత్రి బండికే ఎక్కిస్తాం. దూరం నుంచి వచ్చేవాళ్లు ఆదివారం పొద్దున్నే వస్తే తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క పిల్లనీ చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు.