ఫోన్ నంబర్ ఖాళీగా వచ్చే ప్రాబ్లం దొరికింది, అన్నకీ అక్కకీ చాలా చాలా థాంక్స్

అందరికీ నమస్తే. పోయిన వారం అడిగాను కదా, ఆర్డర్ పేజీలో కస్టమర్ ఫోన్ నంబర్ ఒకసారి వస్తుంది ఒకసారి ఖాళీగా ఉంటుంది, డేటాబేస్‌లో చూస్తే నంబర్ ఉంది, ఎర్రర్ కూడా ఏమీ రాదు అని, అది దొరికింది. డెలివరీ అబ్బాయిలు నంబర్ లేక ఎండలో అడ్రస్ వెతుక్కుంటున్నారని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

అందరూ కోడ్ పెట్టమన్నారు, ఒక అన్న మాత్రం "సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ముందు ఏ పేజీ ఓపెన్ చేస్తున్నారు, తర్వాత ఏది" అని అడిగారు. అక్కడే దొరికింది. మాది ఆటోమ్యాపర్ 5 (ఒక ఆబ్జెక్ట్‌లోని డేటాని ఇంకో ఆబ్జెక్ట్‌లోకి కాపీ చేసే .నెట్ లైబ్రరీ), ఆర్డర్స్ కంట్రోలర్ (ఆర్డర్ పేజీని నడిపే క్లాస్) స్టాటిక్ కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆ క్లాస్‌ని మొదటిసారి వాడినప్పుడు ఒక్కసారే నడిచే కోడ్‌లో, ఒక మ్యాపర్ ఇనిషియలైజ్ (ఏది ఎక్కడికి కాపీ చేయాలో చెప్పే కాన్ఫిగరేషన్), రిపోర్ట్స్ కంట్రోలర్‌లో ఇంకోటి, రెండోది పిలిస్తే మొదటి కాన్ఫిగరేషన్ మొత్తం పోయి కొత్తది కూర్చుంటుంది. ఎంటిటీలో (డేటాబేస్ నుంచి వచ్చే ఆబ్జెక్ట్) మొబైల్‌నంబర్, డీటీవోలో (పేజీకి పంపే ఆబ్జెక్ట్) ఫోన్, పేర్లు కలవవు కాబట్టి దేన్ని దేనిలోకి వేయాలో చెప్పే ఫర్‌మెంబర్ రాయాలి, అది ఆర్డర్స్‌లో ఉంది, రిపోర్ట్స్‌లో ఉత్త క్రియేట్‌మ్యాప్ మాత్రమే, అది పేర్లు కలిసినవే కాపీ చేస్తుంది. అంటే పొద్దున అకౌంట్స్ వాళ్లు రిపోర్ట్ తీస్తే చాలు, అప్పటిదాకా బాగానే వచ్చిన నంబర్లు అక్కడి నుంచి ఖాళీ. మా వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో 20 నిమిషాలు ఎవరూ రాకపోతే యాప్ పూల్ (మా యాప్ నడిచే ప్రాసెస్) ఆగిపోతుంది కదా, మళ్లీ లేచాక ఎవరు ముందు ఏది ఓపెన్ చేస్తే దాన్ని బట్టి మారేది. నా మెషీన్‌లో నేను రిపోర్ట్స్ ముట్టుకోనే లేదు, అందుకే ఎప్పుడూ కరెక్ట్‌గానే వచ్చేది.

ఇప్పుడు మ్యాపింగ్‌లన్నీ ప్రొఫైల్ క్లాసుల్లోకి (మ్యాపింగ్‌లు మాత్రమే రాసే క్లాసులు) మార్చి, అప్లికేషన్ స్టార్ట్‌లో ఒక్కసారే ఇనిషియలైజ్ చేస్తున్నా. ఏ ఫీల్డ్ మ్యాప్ కాకుండా మిగిలిందో పట్టిచ్చే అసర్ట్ కాన్ఫిగరేషన్ ఈజ్ వ్యాలిడ్ అని ఒక టెస్ట్ పెట్టమని ఒక అక్క చెప్పారు, పెట్టగానే పిన్‌కోడ్ కూడా మ్యాప్ అవ్వట్లేదని బయటపడింది! దాన్ని ఇంకా ఎవరూ గమనించనే లేదు, అక్క చెప్పకపోతే వచ్చే నెల మళ్లీ ఇదే గోల అయ్యేది. ఆటోమ్యాపర్ 9.0లో ఈ స్టాటిక్ పద్ధతే (అందరూ ఒకే మ్యాపర్‌ని నేరుగా పిలవడం) తీసేశారు కాబట్టి మెల్లగా డిపెండెన్సీ ఇంజెక్షన్‌కి, అంటే మ్యాపర్‌ని ప్రతి క్లాస్‌కి బయటి నుంచి అందించే పద్ధతికి, మారుతున్నా.

అన్నా, రాత్రి పదకొండు దాటాక కూడా ఓపిగ్గా నా లాగ్‌లు చూసి ఒక్కో ప్రశ్న అడిగారు, నేనెవరో కూడా మీకు తెలియదు. అక్కా, మీకూ అంతే, మనస్ఫూర్తిగా థాంక్స్. నాలుగు రోజులైంది, అన్ని ఆర్డర్లకీ నంబర్ వస్తోంది.